మియాటాకు హార్స్‌పవర్ పెంచడం ఎలా: పాత 1.6 ఇంజిన్ నుంచి టర్బో దాకా

1989లో షికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ ఎంఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల కారును చూపించింది. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. మన ఊళ్లలో మాజ్దా అనగానే స్వరాజ్ మాజ్దా వ్యాన్లు, స్కూలు బస్సులు గుర్తొస్తాయి. అదే పేరున్న ఈ స్పోర్ట్స్ కారు 2016 నాటికి పది లక్షలు తయారై, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డులో నిలిచింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, వారాంతాల్లో గ్యారేజీలో పానాలు పట్టుకోవడం ఇష్టమున్న మనవాళ్లకు పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బండి లేదు. బోనెట్ తెరిస్తే అన్నీ చేతికి అందుతాయి. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

ఇక్కడ 1990 నుంచి 1993 వరకు వచ్చిన 1.6 లీటర్ల ఇంజిన్ గురించి చెబుతున్నాను. 1597 సీసీ, అమెరికా మోడల్‌లో 6500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 116 హెచ్‌పీ, 5500 దగ్గర 100 పౌండ్-అడుగుల టార్క్, అంటే తిప్పే బలం. ఈ కారు కొన్న ప్రతి ఒక్కరూ ముందుగా కొనేది సైలెన్సర్. నా అభిప్రాయంలో చివర్లో కొనాల్సిన వాటిలో అదొకటి. ఇంజిన్ ఆరోగ్యం, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), చల్లటి గాలి, సరైన ట్యూనింగ్, ఈ నాలుగూ కుదిరితేనే గొట్టాల మీద పెట్టిన డబ్బుకు విలువ వస్తుంది.

లెక్క కూడా తెలిసి ఉండాలి. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగిస్తే హార్స్‌పవర్. 6500 దగ్గర 116 హెచ్‌పీ రావాలంటే అక్కడ టార్క్ సుమారు 94 ఉండాలి. అంటే 5500 దాటాక ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతోంది. పై ఆర్‌పీఎంలో గాలిని తేలిగ్గా లోపలికి రానిచ్చి, పొగను తేలిగ్గా బయటికి పంపడమే టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని ట్యూనింగ్ అంతా.

1. ముందు ఇంజిన్ ఆరోగ్యం చూడండి

ముప్పై ఏళ్లు దాటిన ఇంజిన్‌లో 116 హెచ్‌పీ ఇంకా ఉందన్న నమ్మకం ఏమీ లేదు. పోయిన పవర్‌ను వెనక్కి తెచ్చుకోవడమే అన్నిటికంటే చవకైన ట్యూనింగ్.

కంప్రెషన్ టెస్ట్‌తో మొదలుపెట్టండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. ఇంజిన్ వెనక భాగంలో ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ ప్లగ్ పీకేయండి. దాంతో స్పార్క్, పెట్రోల్ రెండూ ఆగిపోతాయి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి స్టార్టర్ తిప్పండి. నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఎక్కువ ఉన్నదానిలో తక్కువ ఉన్నది 75 శాతానికి దిగితే అక్కడే ఆగి కారణం వెతకండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో లోపం ఉంది. అలాంటి ఇంజిన్‌కు హెడర్ (ఇంజిన్ నుంచి పొగను తీసుకెళ్లే ప్రత్యేక పైపుల గుత్తి) బిగించడం దండగ.

రెండోది ఈ కారుకే ప్రత్యేకమైన జబ్బు. 1990 మోడల్‌లోనూ, 1991 మొదట్లో వచ్చిన కొన్ని బండ్లలోనూ క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు ముక్కు పొట్టిగా ఉంటుంది. క్రాంక్ బోల్టు సరిగా బిగించకపోతే పుల్లీ ఊగుతూ ఊగుతూ కీ గాడిని తినేస్తుంది. అప్పుడు టైమింగ్ తప్పి పికప్ పడిపోతుంది, చివరికి క్రాంకే పాడవుతుంది. పుల్లీ మధ్య భాగంలో నాలుగు గాట్లు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే పొడుగు ముక్కు. ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా పుల్లీ కదలకుండా తిరుగుతోందో, ఊగుతోందో పక్కనుంచి చూడండి. కొనేముందే చూస్తే ఇంకా మంచిది. టర్బో ఆలోచన ఉన్నవాళ్లు ఎనిమిది గాట్ల ఇంజిన్ ఉన్న బండినే వెతుక్కోండి.

తర్వాత మామూలు పనులు: స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేసి గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు పెట్టండి. ప్లగ్ వైర్లు ఈ కారులో త్వరగా పాడవుతాయి. లోడ్ పడినప్పుడు ఇంజిన్ తడబడుతుంటే ముందు వాటినే అనుమానించండి. పెట్రోల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్ మార్చండి. టైమింగ్ బెల్ట్ 60 వేల మైళ్లకోసారి మార్చాలి. పాత యజమాని మార్చాడన్న రుజువు లేకపోతే మార్చలేదనే అనుకుని మార్చేయండి. అదే విప్పినప్పుడు వాటర్ పంపు, క్రాంక్, క్యామ్ సీళ్లు కూడా వేసేస్తే మళ్లీ విప్పే పని ఉండదు.

2. డైనో మీద కొలవండి

ఆరోగ్యం కుదిరాక, ఏదీ మార్చకముందు డైనోకు, అంటే రోలర్ల మీద కారును నడిపి చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం దగ్గరకు తీసుకెళ్లండి. ఐదు గేర్ల మియాటాలో నాలుగో గేరు నిష్పత్తి సరిగ్గా 1:1, కాబట్టి అందులోనే కొలుస్తారు. మూడుసార్లు లాగించి, ఎస్‌ఏఈ అనే ప్రమాణం ప్రకారం వాతావరణానికి సరిచేసిన అంకెలు అడిగి తీసుకోండి.

కాగితం మీద 116 ఉంటే రోలర్ల మీద 100 లోపే కనిపిస్తుంది. కంగారు పడకండి. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు కలిసి సుమారు 15 శాతం తినేస్తాయి. ముఖ్యమైన విషయం, ఆ తర్వాత చేసే ప్రతి కొలతా అదే డైనో మీద, అదే గేరులో జరగాలి. ఒక షాపు అంకెను ఇంకో షాపు అంకెతో పోల్చితే లేని హెచ్‌పీ ఉన్నట్టు కనిపిస్తుంది. సైలెన్సర్ మారిస్తే సౌండ్ పెరుగుతుంది, సౌండ్ పెరిగితే బండి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. డైనో షీట్ మాత్రమే అసలు సంగతి చెబుతుంది.

3. ఇగ్నిషన్ టైమింగ్

డబ్బు ఖర్చు లేని పని ఇది. కంపెనీ నుంచి బేస్ టైమింగ్ 10 డిగ్రీలు, అంటే పిస్టన్ పైకి చేరడానికి క్రాంక్ ఇంకా 10 డిగ్రీలు తిరగాల్సి ఉండగానే స్పార్క్ పడుతుంది. దాన్ని 14కు తెస్తే కింది ఆర్‌పీఎంలో స్పందన మెరుగవుతుంది.

ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు, హీటర్ ఫ్యాన్ అన్నీ ఆపండి. బోనెట్ కింద ఉన్న డయాగ్నస్టిక్ బాక్స్ తెరిచి, టీఈఎన్, జీఎన్‌డీ అని రాసి ఉన్న రెండు రంధ్రాలను చిన్న వైరు ముక్కతో కలపండి. ఇలా కలపకుండా టైమింగ్ చూస్తే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ దాన్ని అటూ ఇటూ మారుస్తూనే ఉంటుంది, మీరు చూసే అంకెకు అర్థం ఉండదు. ఐడిల్ 850 దగ్గర ఉండాలి. టైమింగ్ లైట్ క్లిప్పును ఒకటో సిలిండర్ ప్లగ్ వైరుకు తగిలించి, కాంతిని క్రాంక్ పుల్లీ మీదకు వేయండి. హెడ్ వెనకున్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టును కాస్త వదులు చేసి, సెన్సర్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ గుర్తు 14 దగ్గర కనిపించగానే బిగించండి. వైరు ముక్క తీసేయడం మరిచిపోవద్దు.

ఇక నుంచి 91 ఆక్టేన్ లేదా అంతకంటే మంచి పెట్రోలే పోయించండి. ఎండాకాలం, పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్‌లో గులకరాళ్లు గిలకరించినట్టు చప్పుడు వస్తే అది నాకింగ్. వెంటనే 12కు తగ్గించండి. నాకింగ్‌తో నడిపితే పిస్టన్లు పగులుతాయి.

సెన్సర్ విప్పిన చోట నూనె కారుతుంటే దాని ఓ-రింగ్ గట్టిపడిందని అర్థం. కారిన నూనె కిందనున్న హీటర్ గొట్టాల మీద పడి రబ్బరును తినేస్తుంది. రింగు చవక, అప్పుడే మార్చేయండి.

4. చల్లటి గాలి

మార్కెట్లో దొరికే కోన్ ఫిల్టర్లలో చాలావరకు రేడియేటర్ వెనక వేడి గాలినే పీలుస్తాయి. గాలి ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 3 శాతం పలచబడుతుంది. పలచబడ్డ గాలిలో ఆక్సిజన్ తక్కువ, పవర్ తక్కువ. ట్రాఫిక్‌లో బోనెట్ కింద ఉష్ణోగ్రత బయటికంటే 30 డిగ్రీలు ఎక్కువైతే, కొత్త ఫిల్టర్ ఇచ్చిన లాభమంతా పోయి ఇంకా నష్టమే. అందుకని ఫిల్టర్ చుట్టూ రేకుతో గది కట్టి, బంపర్ నోటి నుంచి దానికి గొట్టం లాగండి. అది చేయలేకపోతే కంపెనీ బాక్స్‌లో కొత్త ఫిల్టర్ వేసి వదిలేయడం మేలు.

1.6లో అసలు అడ్డంకి ఫిల్టర్ తర్వాత ఉంది. అదే ఎయిర్‌ఫ్లో మీటర్. గాలి వచ్చినప్పుడు తలుపులా తెరుచుకునే రేకు ఒకటి దాని లోపల ఉంటుంది. ఇంజిన్ పీల్చే గాలంతా ఆ రేకును నెట్టుకుంటూ పోవాలి. కొందరు దాని స్ప్రింగ్‌ను వదులు చేసి పవర్ వచ్చిందనుకుంటారు. దాంతో కంప్యూటర్‌కు తప్పుడు లెక్క వెళ్లడం తప్ప దారేమీ పెద్దదవదు. ఆ మీటర్ పోవాలంటే కంప్యూటర్ మార్చాలి. దాని సంగతి ఆరో మెట్టులో వస్తుంది.

5. ఎగ్జాస్ట్

పొగ వెళ్లే దారిలో మూడు భాగాలు ఉంటాయి: ఇంజిన్‌కు అంటి ఉండే మానిఫోల్డ్, మధ్యలో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆ తర్వాత చివరి దాకా ఉండే పైపు, సైలెన్సర్. 1.6 కారు మానిఫోల్డ్ కంపెనీ నుంచే స్టీలు పైపులతో చేసినది. దాని స్థానంలో ఇంకా మెరుగైన హెడర్ పెట్టడమే ఎగ్జాస్ట్‌లో నిజంగా పనికొచ్చే మార్పు.

ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఒకటి, నాలుగు సిలిండర్లు ఒకదానికొకటి దూరంగా పేలతాయి. అలాగే రెండు, మూడు. 4-2-1 హెడర్ ఈ జతలను ముందు కలిపి, తర్వాత ఒకే గొట్టంలోకి తెస్తుంది. ఒక సిలిండర్ నుంచి దూసుకెళ్లిన పొగ వెనక తక్కువ ఒత్తిడిని వదులుతుంది, అది జతలో రెండో సిలిండర్ పొగను లాగుతుంది. దీంతో మధ్య ఆర్‌పీఎంలో టార్క్ పెరుగుతుంది. 4-1 రకం పై ఆర్‌పీఎంకే పనికొస్తుంది. రోడ్డు మీద తిరిగే బండికి 4-2-1 కొనండి.

విప్పడం ఒక రోజు పని, తుప్పు ఉంటే రెండు రోజులు. ముందురోజు రాత్రే నట్లన్నిటికీ పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడే ఆరు మూలల సాకెట్‌తో విప్పండి. పన్నెండు మూలలది నట్టు అంచులను గుండ్రం చేసేస్తుంది. రాని నట్టును బలవంతపెట్టకుండా కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ నూనె కొట్టండి. స్టడ్ హెడ్‌లో విరిగిందంటే డ్రిల్లింగ్ పని, ఆ పని బాధ వేరు. ఆక్సిజన్ సెన్సర్‌కు 22 మిల్లీమీటర్ల పానా పడుతుంది. మళ్లీ వేసేటప్పుడు దాని మరలకు యాంటీ-సీజ్ కాస్త పూయండి, కొనకు మాత్రం తగలనివ్వద్దు.

కొత్త గాస్కెట్ వేసి, మధ్య నుంచి అంచులకు వస్తూ, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు రెండు మూడు విడతల్లో బిగించండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ప్రతి జాయింటు దగ్గరా చెవి పెట్టండి. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని కంప్యూటర్ పొరబడి ఇంకా పోస్తుంది. మైలేజీ పోతుంది, పవర్ పోతుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేయకండి. అమెరికా ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం. పైగా దాన్ని తీయడం వల్ల ఇంత చిన్న ఇంజిన్‌కు దక్కేది బహు స్వల్పం. లోపల కరిగిపోయో మూసుకుపోయో ఉంటే కొత్తది వేయండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఏ హెడర్ కొన్నా, టర్బో కిట్ కొన్నా, దానికి కార్బ్ (ఆ రాష్ట్ర గాలి కాలుష్య నియంత్రణ బోర్డు) ఇచ్చే అనుమతి, అంటే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉందా, అందులో మీ మోడల్ సంవత్సరం ఉందా అని చూసి కొనండి. అక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకు రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేరే బండి మీద ఇలాంటి పని చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. పెద్ద చప్పుడు సైలెన్సర్లను పోలీసులు పీకించి రోడ్‌రోలర్‌తో తొక్కించడం మీరూ చూసే ఉంటారు.

వెనక పైపు విషయానికొస్తే, టర్బో లేని 1.6కు 2.25 అంగుళాలు చాలు. టర్బో వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే 2.5 లేదా 3 వేయించండి, రెండుసార్లు ఖర్చు తప్పుతుంది. ఉప్పు చల్లే మంచు రాష్ట్రాల్లో ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలే కొనండి. హెడర్, పైపు రెండూ కలిపి ఐదు నుంచి పది హెచ్‌పీ మధ్యలో ఆశించండి. అంతకంటే ఎక్కువని ప్రకటన చెబితే డైనో షీట్ అడగండి.

6. కంప్యూటర్ మార్చండి

ఇన్ని చేశాక కూడా పాత కంప్యూటర్ పాత ఇంజిన్‌కు రాసుకున్న లెక్కలతోనే పెట్రోల్ పోస్తుంటుంది. మెగాస్క్విర్ట్ అనే, మనమే సెట్టింగులు మార్చుకోగల ఇంజిన్ కంప్యూటర్ ఆధారంగా ఈ కారు కోసమే తయారైన, నేరుగా ప్లగ్ అయ్యే కంప్యూటర్లు దొరుకుతాయి. అవి మానిఫోల్డ్ ఒత్తిడి, గాలి ఉష్ణోగ్రత చూసి గాలిని లెక్కగడతాయి, కాబట్టి ఆ తలుపు మీటర్‌ను తీసి పక్కన పెట్టొచ్చు. గాలికి దారి తెరుచుకునేది అప్పుడే.

దీంతో పాటు వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ తప్పనిసరి. గాలి, పెట్రోల్ నిష్పత్తి 14.7కు అటా ఇటా అన్నది మాత్రమే కంపెనీ సెన్సర్ చెప్పగలదు, అసలు నిష్పత్తి ఎంతో వైడ్‌బ్యాండ్ చెబుతుంది. మామూలుగా వెళ్తున్నప్పుడు 14.7 సరిపోతుంది. పూర్తిగా తొక్కినప్పుడు టర్బో లేని ఇంజిన్‌కు 12.8 చుట్టుపక్కల, టర్బో ఉంటే 11.5 చుట్టుపక్కల ఉంచండి. ముందు పెట్రోల్ పట్టిక సరిచేయండి, ఆ తర్వాతే ఇగ్నిషన్ జోలికి వెళ్లండి. డైనో మీద ఒక్కో డిగ్రీ పెంచుతూ వెళ్తే, ఒకచోట టార్క్ పెరగడం ఆగిపోతుంది. అక్కడి నుంచి ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి వచ్చి ఆపండి. ఇంటర్నెట్‌లో దొరికే వేరేవాళ్ల మ్యాప్ (సెట్టింగుల పట్టిక) ఇంజిన్ స్టార్ట్ చేయడానికి మాత్రమే వాడండి. అనుభవమున్న ట్యూనర్‌కు ఒక పూట డబ్బిచ్చి కూర్చోబెట్టుకోవడం ఈ మొత్తం జాబితాలో నేను అన్నిటికంటే గట్టిగా సిఫారసు చేసే ఖర్చు.

7. ఇంకా కావాలంటే రెండు దారులు

మొదటిది ఇంజిన్‌నే మార్చడం. 1994 నుంచి మియాటాకు 1839 సీసీ ఇంజిన్ వచ్చింది. మొదట 128 హెచ్‌పీ, 1999లో కొత్త హెడ్‌తో 140. దాన్ని 1.6 కారులో బిగించడం చాలామంది చేసిన పని. నడక కంపెనీ బండిలాగే ఉంటుంది, వేడి సమస్య తక్కువ. రోజూ ఆఫీసుకు నడిపే కారైతే నేను ఇదే చేయమంటాను.

రెండోది టర్బో. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్ఐ. దానికి టర్బో ఇంకో 7 కలిపితే (ఈ అదనపు ఒత్తిడినే బూస్ట్ అంటారు) 1.48 రెట్లు, అంటే కాగితం మీద 116 కాస్తా 171. వేడి వల్ల అంతా దక్కదు, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటే ఎక్కువ భాగం దక్కుతుంది. మాజ్దాయే 2004, 2005లో మాజ్దాస్పీడ్ పేరుతో అమ్మిన టర్బో 1.8 మియాటాకు 178 హెచ్‌పీ.

టర్బో కంటే ముందు దాని చుట్టూ ఉండాల్సినవి సమకూర్చుకోండి. పెట్రోల్ ఇంజెక్టర్ల లెక్క ఇది: 200 హెచ్‌పీకి గంటకు ఒక్కో హెచ్‌పీకి 0.6 పౌండ్ల చొప్పున 120 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లకు పంచి, 80 శాతానికి మించి తెరవకూడదనుకుంటే ఒక్కోటి గంటకు 37.5 పౌండ్లు, అంటే నిమిషానికి సుమారు 395 సీసీ. కంపెనీవి దీనిలో సగం దగ్గరే ఉంటాయి. స్పార్క్ ప్లగ్ గ్యాప్‌ను 1.1 నుంచి 0.7-0.8 మిల్లీమీటర్లకు తగ్గించాలి, లేకపోతే ఒత్తిడికి స్పార్క్ ఆరిపోతుంది.

కూలింగ్ సంగతి ఇంకా ముఖ్యం. ఈ ఇంజిన్ కుటుంబం మొదట మాజ్దా 323 అనే ముందు చక్రాలు లాగే కారులో అడ్డంగా కూర్చుంది. అందులో నీళ్లు ముందు నుంచి లోపలికి వెళ్లి, హెడ్ వెనక నుంచి బయటికి వచ్చేవి. మియాటాలో ఇంజిన్‌ను నిలువుగా తిప్పి పెట్టేసరికి వెనక చోటు లేక, నీళ్లు వచ్చే దారిని కూడా ముందుకే తెచ్చారు. ఫలితంగా ముందు సిలిండర్లకు దక్కినంత చల్లదనం మూడు, నాలుగు సిలిండర్లకు దక్కదు. మామూలు నడకలో ఇది బయటపడదు. టర్బోతో ట్రాక్ మీద తిప్పితే నాలుగో సిలిండరే ముందు దెబ్బతింటుంది. థర్మోస్టాట్‌ను మళ్లీ వెనక్కి తీసుకెళ్లే రీరూట్ కిట్, మంచి అల్యూమినియం రేడియేటర్ వేయండి. ఇంజిన్ కింద ఉండే ప్లాస్టిక్ రేకు పోయి ఉంటే దాన్నీ తెప్పించండి. అది లేకపోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా కింద నుంచి జారిపోతుంది.

బిగించేటప్పుడు టర్బో నుంచి ఆయిల్ తిరిగి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వచ్చే గొట్టం ఎక్కడా పైకి ఎగబాకకుండా కిందికే వాలి ఉండాలి. సంప్‌కు రంధ్రం చేస్తుంటే డ్రిల్ బిట్‌కు గ్రీజు పట్టించండి, ఇనప రజను దానికి అంటుకుంటుంది. ఆ తర్వాత సంప్ లోపల శుభ్రంగా కడగండి. మొదటిసారి స్టార్ట్ చేసేముందు స్పార్క్, పెట్రోల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ గేజ్ లేచేదాకా స్టార్టర్ తిప్పండి. మొదటి రోజు బూస్ట్‌లోకి వెళ్లకుండా నడిపి, లీకులు చూసుకోండి.

ఎక్కడ ఆపాలో కూడా ముందే అనుకోండి. కంపెనీ కనెక్టింగ్ రాడ్లు చక్రాల దగ్గర 200 నుంచి 220 పౌండ్-అడుగుల టార్క్ దాటితే వంగే ప్రమాదం ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా వచ్చే టార్క్ వాటికి మరీ చేటు. కాబట్టి బూస్ట్ మెల్లగా ఎక్కేలా ట్యూన్ చేయించండి. క్లచ్ 1.6లో 200 మిల్లీమీటర్లు, 1.8లో 215. పెద్దది వేయడం మంచిది. 1.6 డిఫరెన్షియల్‌లో గేరు చక్రం ఆరు అంగుళాలే, టర్బో బలానికి పళ్లు విరుగుతాయి. 1.8 కారులో ఉండే ఏడు అంగుళాల దాన్ని, దాని యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో సహా ఒకే పాత బండి నుంచి తెచ్చుకోండి. ఆ బండి నుంచే ముందు బ్రేకులు కూడా విప్పుకుంటే 235 మిల్లీమీటర్ల డిస్కుల బదులు 255 వస్తాయి.

మొదటి 500 మైళ్లయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మానిఫోల్డ్, టర్బో నట్లు మళ్లీ బిగించి చూడండి, మొదటి కొన్ని వేడెక్కి చల్లారే విడతల్లో అవి వదులవుతాయి. నాలుగు ప్లగ్గులూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగోది మిగతా మూడింటికంటే తెల్లగా ఉంటే బూస్ట్ తగ్గించి, ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను టెస్ట్ చేయించేదాకా గట్టిగా తొక్కకండి.